బోర్డు బాబాయి బస్సు దిగిన రోజు

నగర దర్శనం బస్సు నడిపే ఆ డ్రైవరుకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన ఊరు చుట్టని రోజు లేదు, ఊళ్ళో ఒక్క గొప్ప కట్టడం గడప తొక్కిన రోజూ లేదు. ప్రయాణికులు దిగి లోపలికి పోతే బస్సును కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఆయనే. పైగా పెద్ద బస్సులకు ఎక్కడైనా చోటిచ్చేది వెనకవైపే. అందుకని జనం నోరు వెళ్ళబెట్టుకుని చూసే సంగీతశాల అంటే ఆయనకు తెలిసింది దాని జనరేటరు షెడ్డూ, ఆ షెడ్డు పక్కన తీగ మీద ఆరేసిన పనివాళ్ళ బట్టలూ. గడియార స్తంభం అంటే ముందద్దంలోంచి కనబడే మొదటి పదడుగుల రాతికట్టు. పార్కు అంటే చెత్తబండి వచ్చే గేటు.

చూడలేదు గానీ, విన్నది మాత్రం పొల్లు పోకుండా విన్నాడు. గైడు మైకులో చెప్పే మాటలు రోజుకు రెండు ట్రిప్పుల చొప్పున చెవిలో పడీ పడీ కంఠతా వచ్చేశాయి. స్టీరింగు తిప్పుతూ గైడుతో పాటు పెదవులు కదుపుతుండేవాడు. శబ్దం మాత్రం బయటికి రానిచ్చేవాడు కాదు. ఆయన నెత్తిమీద ఒక బోర్డుంది: 'డ్రైవరుతో మాట్లాడరాదు'. కంపెనీవాళ్ళు దాన్ని ప్రయాణికుల కోసం పెట్టారు. ఈయన తన కోసమే పెట్టారన్నంత నిష్ఠగా పాటించాడు.

"బస్సు ఆగినా మాట్లాడరు, దిగినా మాట్లాడరు, ఇంటికొచ్చినా మాట్లాడరు. ఆ బోర్డు మెళ్ళో వేసుకునే పుట్టారీయన" అని ఆయన భార్య ఒకసారి డిపోకి వచ్చినప్పుడు నలుగురి ముందూ అనేసింది. ఆ పూట నుంచీ డిపోలో ఆయన బోర్డు బాబాయి అయిపోయాడు.

ఆవిడ తీరు వేరు. యూనిఫారాలు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే పని ఆవిడది. కత్తెరా నోరూ ఒకే జోరుమీద నడిచేవి. రెంటిలో ముందు ఏది అరుగుతుందోనని తోటివాళ్ళ బెంగ. డ్రైవర్ల ఇంటివాళ్ళు ఏడాదికొకసారి బస్సులో ఊరు చూసి రావచ్చని కంపెనీ రూలుంది. ఏటా ఆవిడ అడగడం, ఏటా ఈయన 'వచ్చే ఏడు చూద్దాంలే' అన్నట్టు తలాడించడం. ఈ ఏడు దుకాణానికి రంగులేస్తున్నారని సెలవిచ్చారు. ఆవిడ ఈసారి అడగనేలేదు. ఆకుపచ్చ బట్టలు కట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ఆయనకంటే ముందే డిపోకి వచ్చి మొదటి సీట్లో కూర్చుంది.

సరిగ్గా ఆ రోజే గైడు అమ్మాయికి గొంతు పోయింది. ముందురోజు మైకు మొరాయిస్తే రెండు ట్రిప్పులూ అరిచి అరిచి నెట్టుకొచ్చిందట. రాత్రికి చేతిమైకు బాగుచేయించారు గానీ గొంతు బాగుపడలేదు. మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చి నోరు తెరిచింది. ఈల ఊదబోయి గాలి ఊదినట్టు 'హ్హ్' అని వచ్చిందంతే. బస్సు చూస్తే నిండిపోయి ఉంది. పక్క ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. అందరూ కలిసి ఒక పాటల బృందం పెట్టుకున్నారు. వాళ్ళ నాయకురాలు అప్పట్లో సూపర్వైజరు, ఇప్పటికీ అందరికీ సూపర్వైజరమ్మే. శృతి చూసుకునే చిన్న పీక ఒకటి ఆవిడ మెడలో వేలాడుతోంది.

మేనేజరు నాలుగు చోట్లకు ఫోన్లు చేసి తల పట్టుకున్నాడు. గైడు తన పుస్తకంలో కాగితం చింపి గబగబా రాసి బాబాయి చేతిలో పెట్టింది.

'మీరే చెప్పాలి బాబాయ్. మీకంతా వచ్చు. అద్దంలో మీ పెదాలు నాకు కనబడతాయి.'

ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తీసి మళ్ళీ చదివాడు. వద్దన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అప్పటికే మొదటి సీట్లోంచి ఆవిడ లేచింది.

"చెబుతారమ్మా, ఎందుకు చెప్పరూ! నిద్రలో చెబుతారు రోజూ. 'దయచేసి ఎవరూ రెయిలింగు మీద కూర్చోకండి' అని రోజు విడిచి రోజు నన్ను లేపుతారు" అంది. టెలిఫోను ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. దాంతో ఆయన పని అయిపోయింది.

బస్సు నడుపుతూ మాట్లాడనని మాత్రం భీష్మించాడు. ఆపాకే లేచి మైకు పట్టుకుంటాడు. లోపలికి వెళ్ళేటప్పుడు తను వెంట వెళితే, గైడు బస్సు దగ్గర కాపలా ఉండాలి. ఒప్పందం కుదిరింది.

మొదటి మజిలీ గడియార స్తంభం. పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. బస్సును పక్కకు తీసి ఆపి, మైకు అందుకుని, జీవితంలో మొదటిసారి ప్రయాణికుల వైపు తిరిగి నిలబడ్డాడు. ఇరవై ఆరు జతల కళ్ళు. ఆయన వెంటనే తన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకోగానే మాటలు కుళాయి తిప్పినట్టు వచ్చాయి.

"అందరికీ నమస్కారం. నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆడపిల్లను కాబట్టి కాస్త గర్వంగానే చెబుతాను..."

బస్సంతా గొల్లుమంది. ఆయనకు కారణం తెలియలేదు. గైడు ఈ మాట ముగించినచోట జనం రోజూ నవ్వేవాళ్ళు, ఇవాళ కొంచెం ముందే నవ్వారనుకున్నాడు.

"మీ ఎడమచేతి వైపు చూడండి" అంటూ తన ఎడమచెయ్యి చాపాడు. ఆయన ఎదురుగా తిరిగి ఉన్నాడు కదా, ఆ చెయ్యి వాళ్ళకు కుడివైపు చూపించింది. ఇరవై ఆరు తలలూ ఆ చేతి వెంట కుడికి తిరిగాయి. అక్కడ మున్సిపాలిటీ వాళ్ళ నీళ్ళట్యాంకు ఉంది.

"నూట పది అడుగుల ఎత్తు. కట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. దేశదేశాల నుంచి దీన్ని చూడటానికి వస్తారు. బాబాయ్, ఏసీ కాస్త తగ్గించండి. ఆ చెక్కడపు పని చూశారా, ఒక్కో పువ్వు ఒక్కో రకం."

"పువ్వులెక్కడున్నాయండీ?" అని ఎవరో అడిగారు.

"ఎండకూ వానకూ కాస్త మాసిపోయాయి. శ్రద్ధగా చూస్తే కనబడతాయి" అన్నాడు కళ్ళు తెరవకుండానే. అది కూడా గైడు మాటే.

ఆడవాళ్ళు శ్రద్ధగా చూశారు. ట్యాంకు అడుగున నాచు మరకలున్నాయి. "అదిగో, అదిగో పువ్వు!" అంది ఒకావిడ. "నాకూ కనబడింది, రెండున్నాయి" అంది ఇంకొకావిడ. ఫోటోలు టకటకా తీశారు. గైడు అమ్మాయి మాట పెగలక చేతులు గాల్లో తిప్పుతోంది, సీట్ల మీద చరుస్తోంది. ఉత్సాహపడుతోందనుకుని అందరూ ఆ అమ్మాయితో పాటు చప్పట్లు కొట్టారు.

అప్పుడు పది గంటలైంది. ఆడవాళ్ళందరి వీపుల వెనక, అసలు స్తంభం మీద, పన్నెండు కంచు గంటలు ఒకదాని వెంట ఒకటి పాట అందుకున్నాయి. ఇరవై ఆరు తలలూ గిరుక్కున అటు తిరిగాయి. బాబాయి కళ్ళు తెరిచాడు. వంగి కిటికీలోంచి పైకి చూశాడు. మొదటి పదడుగుల మీద ఇంకా నూరడుగులుంది! రాతి తీగలు అల్లుకుని పైకి పోతున్నాయి, పువ్వులు నిజంగానే ఒక్కోటి ఒక్కో రకం.

"అటుందా!" అన్నాడు మైకులో.

సూపర్వైజరమ్మకు నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టింది. "పోనీండి డ్రైవరుగారూ, ఆ ట్యాంకును ఇంత ప్రేమగా ఎవరు చూస్తారు చెప్పండి!" అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా విచిత్రం, భయం పోయింది. పోవాల్సిన పరువు మొదటి మజిలీలోనే పోయింది కాబట్టి ఇక దాచుకోవాల్సిందేమీ లేదనిపించింది. సంగీతశాలకు వెళ్ళేదారిలో పెదవులు కదిపినప్పుడు కాస్త శబ్దం కూడా బయటికి రానిచ్చాడు.

సంగీతశాలలోకి ముందు తలుపు గుండా వెళ్ళారు. ఎర్ర తివాచీ పరిచిన వసారా, గోడల నిండా వందేళ్ళుగా అక్కడ పాడినవాళ్ళ, వాయించినవాళ్ళ ఫోటోలు. దాని అవతల, మూడంతస్తుల ఎత్తున గుండ్రటి హాలు. ఆడవాళ్ళు ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చున్నారు. బాబాయి భార్య ఎక్కడానికి ఓపిక ఉన్నంత మేరా మెట్లెక్కి, ఆఖరి వరుసలో చిట్టచివరి కుర్చీలో కూలబడి గొడుగుతో విసురుకుంటోంది. ఆయన వేదిక మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. ఇక్కడ చెప్పాల్సింది ఆయనకు బాగా గుర్తు: 'ఈ వేదిక నడుమ నిలబడి గుసగుసలాడినా ఆఖరి వరుసకు వినబడుతుంది.' రోజుకు రెండుసార్లు విన్నాడు. గైడు ఉద్యోగం కాబట్టి ఆ మాత్రం గొప్పలు చెప్పుకోవాలని సరిపెట్టుకున్నాడు.

తల ఎత్తి పైకప్పు చూశాడు. లేత బంగారు రంగు గుమ్మటం. దాని నిండా చెక్కిన బాకాలు, వయొలిన్లు, డోళ్ళు, వేణువులు. చెప్పాల్సిన మాటలన్నీ ఆవిరైపోయాయి. మైకు కిందికి దించాడు. తనలో తను అనుకున్నాడు, అంటే పెదవులు కదిపాడు, అంటే పొద్దుటి అలవాటు కొద్దీ శబ్దం కూడా కాస్త వచ్చింది.

"అబ్బ... ఇంతుందా లోపల! ఆ షెడ్డు చూసి ఏదో గోడౌను అనుకున్నానే ఇన్నాళ్ళూ. కూర్చుంటే బావుండు. ఇంటావిడ ఎక్కడ కూర్చుందో... అదిగో, అంత పైకెక్కింది. ఆకుపచ్చ రంగు ఎంత నప్పిందో ఆ మనిషికి. చెబుదామని పొద్దుటి నుంచీ చూస్తున్నాను, నోరు రాలేదు."

ముప్ఫయ్యేళ్ళు చెవులకు ఫోన్లు తగిలించుకుని బతికిన ఆడవాళ్ళు వాళ్ళు. ఒక్క అక్షరం వదలలేదు.

మధ్య వరుసలోంచి సూపర్వైజరమ్మ లేచి, పాత ఉద్యోగపు గొంతుతో పలికింది. "లైను చాలా స్పష్టంగా ఉందండీ! మూడు నిమిషాలయ్యాయి. కాల్ పొడిగించమంటారా?"

హాలు పగిలిపోయేలా నవ్వారు. ఆ హాల్లో నవ్వు ఊరికే పోదు. గుమ్మటానికి తగిలి, చుట్టూ తిరిగి, పెద్దదై మళ్ళీ వాళ్ళ మీదే పడింది. తమ నవ్వుకే మళ్ళీ నవ్వారు. బాబాయి మైకు వెనక దాక్కునే ప్రయత్నం చేశాడు. ఆఖరి వరుసలో ఆయన భార్య గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడకు మాట దొరక్కపోవడం అదే మొదలు.

"అవతలి వైపు సమాధానం లేదండీ" అంది సూపర్వైజరమ్మ.

గొడుగు వెనక నుంచి చిన్నగా, "వినబడింది. పెట్టేయమనండి ఫోను" అని వచ్చింది. అది వేదిక మీదకు స్పష్టంగా చేరింది.

తర్వాతి మజిలీ పాటలమ్మ ఇల్లు. పూర్వం ఆ ఊళ్ళో పాటలు కట్టి పాడిన ఒకావిడను జనం ముద్దుగా అలా పిలిచేవారు. ఆవిడ ఉన్న రెండు గదుల ఇంటిని అలాగే ఉంచారు. పియానో, కాళ్ళు కాస్త వంకరపోయిన ఒక స్టూలు, కొక్కేనికి ఆవిడ కోటు, కిటికీ పక్కన గ్రామఫోను. ఇంటిని చూసుకునే పెద్దాయన వచ్చినవాళ్ళకు ఆవిడ రికార్డు ఒకటి వేసి వినిపిస్తాడు.

ఈ పాట విషయంలో బాబాయికి ఒక పాత బాధ ఉంది. బస్సు ఆపే వెనక సందులోకి ఆ ఇంటి వంటింటి కిటికీ తెరుచుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా పాట అందులోంచే వింటున్నాడు. మొదటి చరణంలో ఒకమ్మాయి అవతలి ఒడ్డుకు పోదామని పడవెక్కుతుంది. రెండో చరణంలో గాలివాన పట్టుకుంటుంది, పడవ ఊగిపోతుంది, అమ్మాయి పడవవాణ్ణి పట్టుకుని ఏడుస్తుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి టైమైందని గైడుగా ఎవరున్నా జనాన్ని బయటికి తోలుకొచ్చేవాళ్ళు, ఈయన ఇంజను స్టార్టు చేసేవాడు. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల గాలివానలోనే ఉండిపోయింది. మునిగిపోయిందనే ఆయన నమ్మకం. రాత్రిళ్ళు ఒకటి రెండుసార్లు కల కూడా వచ్చింది.

భార్యతో చెప్పాడా మాట, ఆ ఇంటి గుమ్మం దగ్గర. గొడుగు సంఘటన తర్వాత ఆయనకు ధైర్యం హెచ్చింది.

"ఎవరినైనా అడగొచ్చుగా ఏమైందో!" అంది ఆవిడ ఆశ్చర్యపోతూ.

"మునిగిపోయిందని చెబితే ఏం చెయ్యను? మళ్ళీ బండి నడపాలిగా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, నవ్వు ఆపుకుని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

పెద్దాయన రికార్డు వేశాడు. పడవ, గాలి, వాన. రెండో చరణం అయిపోతోంటే బాబాయి వేళ్ళు జేబులో తాళాలను వెతుక్కున్నాయి. భార్య ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో చరణం మొదలైంది. అమ్మాయి ఏడుస్తోంది, పడవవాడు చెమటలు కక్కుతూ తెడ్లు వేస్తున్నాడు, తెల్లవార్లూ వేశాడు, చెయ్యని మొక్కు లేదు. తెల్లారింది. చూస్తే ఎక్కిన రేవులోనే ఉన్నారు. గట్టుకు కట్టిన తాడు విప్పనేలేదు!

అంతటితో ఆగలేదు. పాట చివర రికార్డులో పాటలమ్మకే నవ్వొచ్చేసింది. గలగలా నవ్వి, "అయిపోయిందా? మరి టీ ఏదీ?" అంది. దాన్ని చెరపడం ఎవరికీ మనసొప్పలేదు కాబోలు, అలాగే ఉండిపోయింది. ఆ మీదట గరగరమని ముల్లు చప్పుడు.

బాబాయికి మొదట నోరు తెరుచుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఆయన ఆ గది నేల మీద చతికిలబడి కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. "తాడు! తాడు విప్పలేదుటే! ఇరవై రెండేళ్ళు... తాడు!" అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. ఆయన అంత గట్టిగా నవ్వగలడని ఆయన భార్యకే తెలియదు. పెద్దాయన కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. తాగబోతూ మళ్ళీ నవ్వడంతో ఆ నీళ్ళు పెద్దాయన చొక్కా మీదే పడ్డాయి.

"ఇంకోసారి వెయ్యండి, బాబ్బాబు" అన్నాడు ఊపిరి తీసుకుంటూ.

మూడుసార్లు వేయించాడు. మూడోసారికి ఇరవై ఆరుగురు ఆడవాళ్ళూ నేర్చేసుకుని గొంతు కలిపారు. టైమెంతయిందో ఎవరూ చూడలేదు, చూసే గైడు బయట బస్సులో ఉంది.

ఆ అమ్మాయి వెనక సందులో డ్రైవరు సీట్లో కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంది. చేతిలో పొగలు కక్కే గ్లాసు. వీళ్ళు రాగానే కాగితం చూపించింది: 'ఈ కిటికీ పక్కింటావిడ రోజూ మీకు టీ ఇస్తుందట. నాతో ఒక్కరోజైనా చెప్పారా బాబాయ్? ఇంకో ఇంటాయన మీరు రాలేదని దిగులు పడ్డాడు.'

ఇక మిగిలింది పార్కు. అందులో ఎనిమిది మూలల మంటపం ఒకటుంది. పూర్వం సాయంత్రాలు బ్యాండువాళ్ళు వాయించేవారు. ఇప్పుడు ఎవరైనా సరే, సాయంత్రం ఐదులోపు పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు. బృందం మంటపం ఎక్కింది. సూపర్వైజరమ్మ శృతి పీక ఊదబోతే అది పలకలేదు. దులిపింది, కొట్టింది, లాభం లేదు. అంతలో బాబాయి బస్సును చెత్తబండి గేటు దగ్గర వెనక్కి తీస్తూ, అడ్డంగా నిద్రపోతున్న కుక్క కోసం ఒకసారి హారన్ నొక్కాడు.

సూపర్వైజరమ్మ చెవి నిక్కబొడుచుకుంది. "డ్రైవరుగారూ! మళ్ళీ కొట్టండి!"

ఆయన భయపడుతూ కొట్టాడు.

"ఇదే! సరిగ్గా ఇదే మా శృతి! బస్సు ఇటు తెచ్చి నిలపండి. నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా ఒక్కటి కొట్టండి. కిందికి దించితే వదిలెయ్యండి."

పాటలమ్మ పడవ పాటే అందుకున్నారు. ఆవిడ చెయ్యి ఎత్తుతుంది, హారన్ 'బోఁ' అంటుంది, ఇరవై ఆరు గొంతులు దాని మీదెక్కి పోతాయి. గాలివాన వచ్చే చోట వరసగా నాలుగు హారన్లు. బాబాయికి ఒంటి మీద స్పృహ లేదు, కళ్ళు సూపర్వైజరమ్మ చేతి మీదే. పార్కులో నడిచేవాళ్ళు ఆగారు. బెంచీల మీదివాళ్ళు లేచి వచ్చారు. వెనకాలే కాపలాదారు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమండీ! బోర్డు కనబడట్లేదా? ఇక్కడ హారన్ కొట్టకూడదు!"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. బోర్డు మాట జవదాటి ఎరగడు. చెయ్యి తీసెయ్యబోయాడు. అంతలో ఆయన భార్య గొడుగు ఆనించుకుని కాపలాదారుకు అడ్డం వెళ్ళింది.

"హారన్ అని ఎవరన్నారు బాబూ? అది వాద్యం. ఆయన వాద్యకారుడు. ఈ బృందంలో ఒకే ఒక్క మగ కళాకారుడు. ఏం, వాద్యాలు ఐదింటి దాకా వాయించుకోవచ్చని మీ గేటు మీదే రాసి ఉందిగా?"

కాపలాదారు బస్సును చూశాడు, బృందాన్ని చూశాడు, వాచీ చూసుకున్నాడు. "వాద్యమైతే ఇబ్బంది లేదమ్మా. కానీ ఐదింటికి ఆపేయాలి" అని తనూ ఒక పక్కన నిలబడ్డాడు. మూడో చరణంలో తాడు సంగతి వినగానే పగలబడి నవ్వి, చేతిలో ఉన్న ఈలతో తనూ తాళం వేశాడు.

మర్నాటికల్లా గైడు అమ్మాయి గొంతు బాగుపడింది. బాబాయి మళ్ళీ తన సీట్లో కూర్చున్నాడు. అయితే ఇద్దరూ మేనేజరుతో మాట్లాడి ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజూ ఒక మజిలీలో ఆయన లోపలికి వెళ్ళి చెబుతాడు, ఆ అమ్మాయి బస్సు దగ్గర ఉండి టీ తాగుతుంది. ఎడమకూ కుడికీ తేడా రాకుండా భార్య ఆయన యూనిఫారం ఎడమచేతి మీద ఎర్రదారంతో చిన్న పువ్వు కుట్టి పెట్టింది. అది ఏ వైపు అని ఆయన ఇప్పటికీ ఒక క్షణం ఆలోచిస్తాడు.

ఇంట్లో మాత్రం పెద్ద మార్పే వచ్చింది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. తాగిన టీ, చూసిన పైకప్పు, నవ్విన ప్రయాణికుడు, అన్నీ పూస గుచ్చినట్టు చెబుతున్నాడు. "ఆ బోర్డు నేనే పీకేశాను, ఇప్పుడు ఎవరిని అనను!" అని దుకాణంలో ఆవిడ చెప్పుకుంటోంది.

సెలవు రోజుల్లో ఇద్దరూ బయల్దేరుతున్నారు, నగర దర్శనం బస్సు వెళ్ళని చోట్లకు. పోయినవారం వాయిద్యాలు అమ్మే వీధికి వెళ్ళారు. చిన్న చిన్న దుకాణాలు, ఒకదానికొకటి ఆనుకుని, పైకప్పు నుంచి వేలాడే వయొలిన్లతో, గిటార్లతో. ఒక ముసలి దుకాణదారు బాబాయిని చూసి బాకా ఒకటి చేతిలో పెట్టాడు.

"ఊదండి సార్, ఊరికే చూడండి."

మొదటిసారి గాలి పోయింది. రెండోసారి ఏదో పిల్లి తోక తొక్కినట్టయింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, పొట్టలోంచి గాలి తీసి, ఊదాడు.

బాకా పలికింది. దుకాణంలో వేలాడే తీగలన్నీ ఒక్కసారి జుమ్మన్నాయి. పక్క దుకాణంలో తీగలు కూడా అందుకున్నాయి. వీధి పొడుగునా దుకాణదార్లు ఒక్కొక్కరే తలలు బయటపెట్టి చూశారు. బాబాయి కళ్ళు తెరిచి, బుగ్గలు ఎర్రగా, ఆవిడ వైపు తిరిగాడు.

"ఇంకొక్కసారి ఊదనా?"

"ఊదండి" అంది ఆవిడ, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటూ. "గట్టిగా ఊదండి."